తొంభై నాలుగు ఎముకల లోటు

ఒక పెద్ద అడవిలో ఒక ఎముకల ఆఫీసు ఉండేది. నవ్వకండి. ఇంతకంటే పనికిరాని ఆఫీసులు మన ఊళ్లలోనూ ఉన్నాయి, వాటికి బోర్డులు కూడా ఉన్నాయి.

ఆ ఆఫీసుకి అధికారి దుమ్ములగొండి. అడవిలో ఏ తల్లి ప్రసవించినా పదకొండో రోజున బిడ్డను తెచ్చి అతని ముందు పడుకోబెట్టాలి. అతను తల నుంచి కాళ్ల దాకా ముక్కుతో నొక్కి చూస్తూ, ఎముక తగిలినప్పుడల్లా "ఊఁ" అనేవాడు. అలా అన్నప్పుడల్లా గుమాస్తా కొండముచ్చు చెట్టు బెరడు మీద ఒక గీత గీసేవాడు.

బతికున్నవాళ్ల ఎముకలతో నీకేం పని అని అడిగితే దుమ్ములగొండి దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "రేపు పోయాక అన్నీ మా శాఖకి రావాల్సినవే కదా. ముందే చూసుకుంటే మంచిది." విస్తరి వేయకముందే వడ్డన చూసుకునే రకం అన్నమాట.

ఆ అడవిలో బాలమ్మ అనే ఎలుగుబంటికి ఒకనాడు తంగేడు పొద కింద మనిషి పిల్ల దొరికింది. బొడ్డు ఊడని పసిగుడ్డు. ఎవరు వదిలేశారో తెలియదు. బాలమ్మ గుహకి తెచ్చుకుని, తంగేడు అని పేరు పెట్టి, తన పాలే పట్టింది. పదకొండో రోజున ఆఫీసుకీ తీసుకెళ్లింది. బెరడు మీద మూడు వందల గీతలు పడ్డాయి.

"ఇంత పిల్లకి ఇన్నా," అని దుమ్ములగొండి పెదాలు నాక్కున్నాడు.

అడవిలో ఒక చట్టం ఉంది. పెంపుడు బిడ్డను ఇరవయ్యేళ్లు నిండాక సభ ముందు నిలబెట్టాలి. తెచ్చినప్పుడు ఉన్న ఎముకలన్నీ ఉంటే అడవి బిడ్డ అని రాస్తారు. లోటు తేలితే బిడ్డను ఏరు దాటించేస్తారు, మళ్లీ ఈ గట్టుకి రానివ్వరు. పెంచినవాళ్ల గుహ ఎముకల ఆఫీసు పాలవుతుంది. ఈ చట్టం రాసింది దుమ్ములగొండే. బాలమ్మ గుహ ఎండాకాలం చల్లగా, వానాకాలం పొడిగా ఉంటుంది. ఎముకలు దాచుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదని అతను ఎప్పుడో కనిపెట్టాడు.

ఇరవయ్యేళ్లు నిండాయి. సభ కూడింది. పెద్దపులి బండ మీద కూర్చుంది. మూరెడు పిల్ల అయిదడుగులు దాటిందేమిటని ఎవరూ అడగలేదు, పొడుగు వేరే శాఖ. దుమ్ములగొండి తంగేడు చుట్టూ తిరిగి నొక్కాడు. కొండముచ్చు గీశాడు. చివరికి బెరడు ఎత్తి చూపించాడు.

"రెండు వందల ఆరు."

సభ గుసగుసలాడింది. దుమ్ములగొండి గొంతు సవరించుకున్నాడు. "తొంభై నాలుగు తక్కువ, ప్రభూ. పైగా మోకాళ్ల మీద రెండు చిప్పలున్నాయి. అవి అప్పట్లో నా ముక్కుకి తగల్లేదు. అంటే ఉన్నవి పోగొట్టి, లేనివి ఎక్కడో కొట్టుకొచ్చారు."

"నా బిడ్డ ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదయ్యా," అంది బాలమ్మ. "ఒంటి మీద ఒక్క గాయం కూడా లేదు. చూడండి."

వెనక నుంచి ముసలి ముళ్లపంది లేచింది. ఆ అడవిలో సగంమందికి పురుడు పోసిన మంత్రసాని. అందరూ ముళ్లవ్వ అంటారు.

"ఏమీ పోలేదురా నాయనా, కలిసిపోయాయి. పసిదానికి నడినెత్తిన మాడు కొట్టుకునేది చూళ్లేదూ? పుర్రె ముక్కలుగా ఉంటేనే బిడ్డ బయటికొస్తుంది. తర్వాత అతుక్కుంటుంది. తొడ ఎముకకి చివర్లు విడిగా ఉంటాయి, అతుకు దగ్గర మెత్తగా ఉన్నన్నాళ్లూ పొడుగవుతుంది. ఇక చాలనుకున్నప్పుడు ఒకటైపోతుంది. నడుం కింద అయిదు పూసలు ఒక్కటవుతాయి. మోకాలి చిప్పంటావా, అది అప్పుడు చెవి డొప్పలా మెత్తటి మృదులాస్థి. నడిచి, పడి, లేచాక గట్టిపడింది."

దుమ్ములగొండి ఓపిగ్గా విన్నాడు. "అయితే అతుక్కున్న మాట నిజమే అంటావు."

"నిజమే."

"ఎవరి అనుమతితో?"

"ఎముకలు ఎవర్ని అడుగుతాయిరా?"

"అదే నేరం అంటున్నాను," అన్నాడు దుమ్ములగొండి. కొండముచ్చు ఆ మాట కూడా రాసుకున్నాడు.

పులి ఆవులించింది. "చట్టం చట్టమే. పిల్లను ఏరు దాటించండి."

తంగేడు బాలమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇరవయ్యేళ్లలో ఒక్క రాత్రి కూడా వాళ్లు విడిగా పడుకోలేదు. బాలమ్మ దుమ్ములగొండి ముందుకొచ్చి చాప చుట్టలా పడుకుంది.

"నన్ను కూడా నొక్కి చూడండయ్యా. నా బెరడు మీ నాయన హయాంలో గీసిందే, ఆఫీసులో ఉంటుంది. నాలో లోటుంటే నన్ను కూడా దానితో పంపించెయ్యండి."

గుహ ఇంకా తొందరగా ఖాళీ అవుతుందని దుమ్ములగొండి సంబరపడ్డాడు. నొక్కాడు. పాత బెరడు తెప్పించాడు. బోలెడు తక్కువ.

"అమ్మా, నీకూ లోటేనా?" అంది తంగేడు.

"నాకూ లోటేనమ్మా," అంది బాలమ్మ. తప్పు రుజువైనందుకు అంత ఆనందపడ్డ ముద్దాయిని ఆ సభ ఎన్నడూ చూడలేదు.

"లోటు నేరమైతే అందరికీ నేరమేగా, మరి మిగతావాళ్ల సంగతి?" అని ముళ్లవ్వ నెమ్మదిగా అడిగింది.

పులికి పౌరుషం వచ్చింది. "నాలో లోటా? లెక్కపెట్టు."

దుమ్ములగొండి ఇరుక్కున్నాడు. వద్దంటే అనుమానం, సరేనంటే ప్రమాదం. నొక్కడం మొదలెట్టాడు. ఎముక లేనిచోట కూడా నాలుగు ఊఁలు అదనంగా అన్నాడు పాపం, అయినా చాల్లేదు. రెండు బెరళ్లూ పక్కపక్కన పెడితే గుడ్డి గబ్బిలానికి కూడా తేడా తెలిసింది.

"అయితే నీది?" అని పులి గుర్రుమంది. కొండముచ్చు ఆఫీసరుగారిని స్వయంగా నొక్కాడు. ఇన్నేళ్ల కొలువులో వాడు అంత శ్రద్ధగా చేసిన పని మరొకటి లేదు. లోటే. కొండముచ్చుదీ లోటే. సాయంత్రానికి సభలో ఎదిగిన ప్రాణి ప్రతిదీ దొంగని తేలింది.

ఒక్క వానపాముకి మాత్రం లెక్క సరిపోయింది. పుట్టినప్పటి బెరడు ఖాళీ, ఇప్పటి బెరడూ ఖాళీ. గీతంత తేడా లేదు.

చట్టం చట్టమే అన్నది పులే కనక, మాట మింగలేక ముందు తనే ఏట్లో దిగింది. వెనక అందరూ దిగారు. అవతలి గట్టున కూడా చెట్లే ఉన్నాయి, నీడా ఉంది. ఇన్నాళ్లూ ఎవరూ వెళ్లి చూడలేదు, అంతే. బాలమ్మ అక్కడ ఒక గుహ వెతుక్కుంది. తంగేడు దానికి ఎదురుగా ఒక తంగేడు మొక్క నాటింది.

దుమ్ములగొండి ఏళ్ల తరబడి దాచిన ఎముకలన్నీ ఇవతలి గట్టునే ఉండిపోయాయి. వాటిని ఇప్పించమని, ఆ గట్టున మిగిలి ఆఫీసుకి అధికారి అయిన వానపాముకి అతను వారానికో అర్జీ పంపుతున్నాడు. ప్రతిసారీ ఒకటే జవాబు వస్తోంది: "తమరు కోరిన ఎముక అనే వస్తువు ఏమిటో ముందుగా వివరించగలరు."

నీతి: లెక్క ఎన్నటికీ తప్పకూడదంటే ఎదగకుండా ఉండటం ఒక్కటే దారి.