కోపిష్టి కస్టమర్‌కు బహుమతి

నెబ్రాస్కా విద్యార్థి వ్యాపార, మార్కెటింగ్ సంఘానికి డెబ్బై అయిదేళ్లు నిండాయి కాబట్టి ఇక చరిత్ర రాయక తప్పదని రాష్ట్ర డైరెక్టర్ వోండ్రాచెక్ గారు ప్రకటించారు. నీలం కోట్లు తొడుక్కున్న విద్యార్థులు ఎక్కడ చప్పట్లు కొట్టాలో సరిగ్గా అక్కడే కొట్టారు. ఆ చరిత్ర రాసే భాగ్యం, ఆల్డర్ క్రీక్ వారపత్రికలో పందుల ధరలు రాసుకునే నాకు దక్కింది.

మొదటి అధ్యాయం తేలిగ్గానే కుదిరింది. పూర్వం మా ఊరి హైస్కూల్లో కొందరు పొద్దున చదువుకుని, మధ్యాహ్నం దుకాణాల్లో పనిచేసేవారు. ఏ ఆటల జట్టులోనూ చేరే తీరిక లేక తమకంటూ ఓ సంఘం పెట్టుకున్నారు. చెప్పుల షాపులో పనిచేసే ఎల్వీరా కూప్‌మన్ దానికి తొలి అధ్యక్షురాలు. స్కూల్లో ఓ చిన్న దుకాణం కూడా ఆవిడే తెరిపించింది. పెన్సిళ్లు, ఫుట్‌బాల్ రోజున రెయిన్‌కోట్లు, క్యాంటీన్లో చిల్లీ అనే మాంసం, బీన్స్ కూర వండిన రోజున దాంతో నంజుకునే దాల్చినచెక్క రోల్స్ విద్యార్థులు ఇప్పటికీ అక్కడ అమ్ముతున్నారని రాశాను.

"ఆ 'ఇప్పటికీ' తీసెయ్యవయ్యా. సోమవారం మూసేస్తున్నాం," అన్నారు వోండ్రాచెక్ గారు.

ఎందుకని అడిగాను.

"పిల్లలు అమ్మకాల పోటీకి ప్రాక్టీసు చేసుకోవద్దూ? మధ్యలో ఎవడో ఒకడొచ్చి పెన్సిల్ కావాలంటాడు."

దూరదృష్టి అంటే అదీ. ఖాళీ అయిన గదిలో ట్రోఫీల బీరువా పెడతారట.

కబురు ఎల్వీరా గారి చెవిన వేశాను. తొంభై దాటిన మనిషి, తనే కారు నడుపుకుంటూ పోటీలు జరిగే హోటల్‌కి వచ్చేసింది. దుకాణాన్ని ఎలాగైనా నిలబెట్టుకోవాలని ఆవిడ పట్టుదల. గుమ్మం దగ్గర నీలం కోటు కుర్రాడు ఫిర్యాదుతో వచ్చారా అని అడిగాడు. అవునంది. ఆరో టేబుల్‌కి పంపించాడు. నేనూ వెంట నడిచాను.

ఆ హాల్లో నడుస్తున్నది కోపంగా వచ్చిన కస్టమర్‌ను శాంతపరిచే పోటీ. ఆరో టేబుల్ దగ్గర కోపం నటించాల్సిన ఇన్సూరెన్స్ ఏజెంటు ఇంకా రాలేదు. ఎల్వీరా గారిని చూడగానే న్యాయనిర్ణేత హమ్మయ్య అనుకుని కలం తీశాడు. నేను నోరు తెరవబోతే వేలు పెదవుల మీద పెట్టి ఆపాడు.

"దుకాణం మూయొద్దు తల్లీ. మేం చెమటోడ్చి నిలబెట్టిన దుకాణం అది," అంది ఎల్వీరా.

"మీ ఆవేదన నాకు పూర్తిగా అర్థమైంది మేడమ్," అంది కెండ్రా అనే పోటీదారు. "మా దృష్టికి తెచ్చినందుకు థాంక్యూ."

"అర్థమైతే మరి ఆపిస్తావా?"

"మీలాంటి కస్టమర్లే మా బలం మేడమ్."

"నేనడిగేదేంటి, నువ్వు చెప్పేదేంటి?"

కెండ్రా చిరునవ్వు చెక్కుచెదరలేదు. కళ్లలోకి చూసింది, చేయి గట్టిగా కలిపింది, గుమ్మందాకా సాగనంపింది. ఒక్కోదానికీ మార్కులు పడ్డాయి. సమస్య తీరిందా లేదా అన్నదానికి మాత్రం మార్కులేమీ లేవు.

సాయంత్రం అక్కడే జరిగిన డెబ్బై అయిదేళ్ల ఉత్సవ సభలో కెండ్రాకి ప్రథమ బహుమతి వచ్చింది. ఉత్తమ కోపిష్టి కస్టమర్ ట్రోఫీ ఆరో టేబుల్ పెద్దావిడకు ప్రకటించి వేదిక మీదికి పిలిచారు. ఆవిడ వెనక తెర మీద, సంఘం పెట్టినప్పటి ఎల్వీరా కూప్‌మన్ ఫొటో గోడంత ఎత్తున వెలుగుతోంది. ఆవిడ ట్రోఫీ అందుకోకుండా మైకు అందుకుంది.

"నేను ఎల్వీరా కూప్‌మన్‌ని. ఈ సంఘం పెట్టింది నేనే. పొద్దున నేను నటించలేదు. దయచేసి ఆ దుకాణం మూయకండి."

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వోండ్రాచెక్ గారు కళ్లు తుడుచుకుంటూ నా చెవిలో అన్నారు:

"చూశావా, ఇంకా పాత్రలోంచి బయటికి రాలేదు!"

దుకాణం అనుకున్నట్టే సోమవారం మూసేశారు. ఆవిడ వదిలేసి వెళ్లిన ట్రోఫీ ఇప్పుడు అక్కడి బీరువాలో మధ్య అరలో ఉంది. చరిత్ర కూడా పూర్తయింది. వ్యవస్థాపకురాలు వృద్ధాప్యం వల్ల ఉత్సవాలకు రాలేకపోయారని చివరి పేజీలో ఓ వాక్యం వేయమని డైరెక్టర్ గారు ఎంతో గౌరవంగా చెప్పారు.