వాన లైసెన్సు

మనిషి బుద్ధి మార్చడం చదువు వల్ల కాలేదు, చట్టం వల్ల కాలేదు. ఒక్క వాన చినుకు వల్ల అయింది. అది అద్దం మీద పడీ పడగానే, అంతవరకూ మర్యాదగా వెళ్తున్న పెద్దమనిషి హారన్ మీద చెయ్యి పెట్టి, పక్క వరుసలోకి దూరి, అటూ ఇటూ కాకుండా రోడ్డుకు అడ్డంగా నిలిచిపోతాడు. చుట్టూ అందరూ అదే పని చేస్తారు కనుక ఎవరికీ నామోషీ ఉండదు.

ఈ సంగతి గమనించిన రవాణా శాఖ వారు, ఎండ రోజున ఇచ్చిన లైసెన్సు వాన రోజున చెల్లదని తేల్చి, విడిగా వాన లైసెన్సు ప్రవేశపెట్టారు. (దరఖాస్తు తడిసి ఉండవలెను. పొడి దరఖాస్తులు స్వీకరించబడవు.)

మా వదినకు బడి వ్యాను నడిపే ఉద్యోగం వచ్చింది. సోమవారం లోపల వాన లైసెన్సు చూపించకపోతే అది ఇంకొకరికి పోతుంది. అన్నయ్య పని పోగొట్టుకుని ఇంట్లో ఉన్నాడు కాబట్టి, ఇంటిల్లిపాదీ మబ్బుల కోసం కళ్లు కాయలు కాచేలా చూశాం. శుక్రవారం కుండపోతగా కురిసింది. స్టీరింగ్ దగ్గర వదిన, పక్కన పరీక్షాధికారి, వెనక సీట్లో ధైర్యం చెప్పడానికి నేను.

ఎర్రలైటు పడితే వదిన ఆగింది. అధికారి నిట్టూర్చారు. ముందు బండికి కాస్త ఎడం ఇచ్చింది. ఆ ఎడంలోకి రెండు స్కూటర్లూ ఒక కారూ దూరాయి. నీటి గుంట దగ్గర నెమ్మదించి, గొడుగు పట్టుకున్న ముసలాయన మీద చుక్క పడనివ్వలేదు. అధికారి పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఏమీ అనుకోకండమ్మా, మీ చెయ్యి మంచిదే," అన్నారాయన. "కానీ వానలో ఇలా నడిపితే వెనకాల వాళ్లు కంగారుపడిపోతారు."

వదినకు తిక్క రేగింది. నాలుగు రోడ్ల కూడలి నడిమధ్య బండి ఆపేసి, నాలుగు దీపాలూ వెలిగించి, తలుపు బార్లా తెరిచి వానలోకి దిగింది. అధికారి వైపు కిటికీ దగ్గరికెళ్లి ఆయన్ని కడిగిపారేసింది. నాలుగు వైపులా బండ్లు ఆగిపోయాయి. పక్కకు తియ్యమన్నవాణ్ణి కూడా వదల్లేదు. చివరికి బండెక్కి, అద్దమైనా చూసుకోకుండా వెనక్కి పోనిచ్చి, ఫుట్‌పాత్ మీదుగా ఎదురు దారిలో బయటపడింది.

అధికారి ముఖం వెలిగిపోయింది. "ఇంత పనితనం పెట్టుకుని ఇందాకటి నుంచీ ఎందుకు దాచారమ్మా?" అంటూ అక్కడికక్కడే సంతకం పెట్టారు.

సోమవారమూ వానే. ఆ అధికారి ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, గోడ వారగా ఆఫీసుకు నడుస్తూ కనిపించారు. పలకరిద్దామని దగ్గరికి వెళ్లానో లేదో, ఒక బడి వ్యాను దూసుకొచ్చి ఇద్దర్నీ నిలువునా తడిపేసింది. లోపల్నుంచి వదిన ఆప్యాయంగా చెయ్యి ఊపింది.

"కారులో రావచ్చు కదండీ, ఈ వానలో నడకేమిటి?" అని అడిగాను.

ఆయన ముఖం తుడుచుకున్నారు. "రోడ్డు మీదున్న వాళ్లందర్నీ పాస్ చేసింది నేనేనండీ," అన్నారు.