ట్యాంకులో ముగ్గురు

ఆ రోజు సిరాజ్ పెట్టుకున్న పని చిన్నదే. పొద్దున్నే టెర్మినల్‌కు వెళ్ళడం, అత్తగారి చేత పాసనిపించుకోవడం, ట్యాంకరు నిండా పామాయిల్ ఎక్కించుకుని మధ్యాహ్నానికల్లా రోడ్డెక్కడం.

అత్తగారంటే పెళ్ళాం గౌసియాను కన్న తల్లి కాదు. పోర్టు పక్కన ఆ నూనె టెర్మినల్లో కొత్తగా పెట్టిన కెమెరా. పొడుగాటి కడ్డీ, దాని చివర గుండ్రటి కన్ను. ట్యాంకరు పైమూతలోంచి లోపలికి దిగి, దీపం వేసుకుని చుట్టూ తిరిగి, లోపల శుభ్రంగా ఉందో లేదో తనే చూసి తనే తీర్పు చెబుతుంది. తోమిన గిన్నెలోనూ జిడ్డు వెతుకుతుంది కనక డ్రైవర్లు దానికా పేరు ఖాయం చేశారు.

సిరాజ్ బండిని అది అప్పటికి రెండుసార్లు వెనక్కి పంపింది. ఒకసారి అతుకు నీడను చూసి తుప్పంది. ఇంకోసారి నీటిబొట్టును చూసి 'గుర్తు తెలియని వస్తువు' అంది. మూడోసారీ కాదందంటే ఆరునెలల పాటు ఆ గేటులోకి బండిని రానివ్వరు. సిరాజ్‌కు ఉన్నది ఆ బండొక్కటే.

"మా తాత ఏటి సేసీవోడో ఎరుగుదువా?" అని ఆ పొద్దున అత్తగారి మీద ఎగరలేక పెళ్ళాం మీద ఎగిరాడు. "పాత టౌన్లో ఇంటింటికీ కళాయి ఏసీవోడు. గిన్నెలో మొహం కనబడితే గానీ ఇంటోళ్ళ సేతికిచ్చీవోడు కాదు. ఆడి మనవడి బండి మురికంట."

"మీ తాత సంగతి తరవాత. ఇయ్యాల కూడా ఫెయిలయ్యేవంటే ఇంటికి రాకు. ఆ ట్యాంకులోనే తొంగో," అంది గౌసియా చాయ్ గ్లాసు ముందు పెడుతూ.

రోషం కొద్దీ ముందురోజే సిరాజ్ గాజువాకలో ఆవిరితో కడిగించి, తర్వాత తనే లోపలికి దిగి నిమ్మచెక్కతో రుద్ది, మెత్తటి గుడ్డతో మూలమూలా మెరుగు పెట్టి ఉంచాడు. తాత బతికుంటే ఆ ట్యాంకులో తల దువ్వుకునేవాడు.

టెర్మినల్లో కడ్డీ లోపలికి దిగింది. ఈసారి ఏం వంక పెడుతుందోనని సిరాజ్ కూడా మూత దగ్గర వంగి లోపలికి తొంగి చూశాడు. అద్దంలాంటి గోడలో అతని మొహం తళుక్కుమంది. కెమెరా ఆగింది. వెనక్కి తిరిగి మళ్ళీ చూసింది.

"ట్యాంకులో మనిషి ఉన్నాడు," అని స్పీకరులో తీయగా చెప్పింది. వెంటనే సైరను మోగింది. గేట్లు మూతపడ్డాయి.

సూపర్వైజరు భీమశంకరరావు పరుగున వచ్చాడు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చిన మనిషి. ఏదైనా కళ్ళతో చూస్తే గానీ నమ్మడు. నిచ్చెనెక్కి మూతలో తల పెట్టాడు.

"ట్యాంకులో ఇద్దరున్నారు," అంది అత్తగారు.

"ఎవరయ్యా సిరాజూ, లోపలెవర్ని పెట్టావు?"

"నా మొహం పెట్టాను సార్. ఇప్పుడు మీది కూడా పెట్టేరు."

సేఫ్టీ ఆఫీసరు ఆశాజ్యోతి హెల్మెట్ సర్దుకుంటూ ఎక్కింది. ఆమె కూడా చూసింది. చూడకుండా రిపోర్టు రాయకూడదు మరి.

"ట్యాంకులో ముగ్గురున్నారు. ఒకరు మహిళ."

అక్కడితో ఆగినా బాగుండేది. కెమెరా ఆ మొహాలను గేటు పాసుల మీది ఫొటోలతో సరిపోల్చి, ముగ్గురినీ పేరుపేరునా 'చిక్కుకున్నవారు' అని నమోదు చేసింది. ఇళ్ళకు ఫోన్లు కూడా అదే చేసింది. భీమశంకరరావు ఆకలేసి క్యాంటీన్‌కు వెళ్ళి కార్డు పెడితే, మీరు ట్యాంకులో ఉన్నారు, భోజనం ఇవ్వబడదు అంది అక్కడి మిషను.

"ఇరవయ్యేళ్ళ సర్వీసండీ. నేనెక్కడున్నానో నాకు తెలీదా?" అని ఆయన కార్డును కౌంటరు మీద కొట్టాడు. కౌంటరులోని మనిషి జాలిగా చూసి, తెరమీద అలా లేదు సార్ అన్నాడు.

ఈలోగా గౌసియా ఆటోలో వచ్చి పడింది. బాధితుడి బంధువు గనక గేటు పక్క చిన్న తలుపులోంచి లోపలికి పంపారు. ట్యాంకరు పక్కన నిలబడి ఉన్న బాధితుణ్ణి చూసి ఆమెకు ఏడుపు ఆగి కోపం వచ్చింది.

"ట్యాంకులో తొంగోమంటే నిజంగా ఎల్లిపోతావేటి? కోపంలో అన్న మాట అది. దారంతా ఏడ్సుకుంటా వచ్చాను."

"నాను బయటే ఉన్నాను కదే."

"మరి ఫోన్లో లోపలున్నావంది?"

"అది నా మాట ఇంటే కదా నీకు మంచి కబురు సెప్పడానికి."

ఆశాజ్యోతి మిషను కంపెనీకి ఫోను కలిపి అరగంట వాదించింది. ఫోను పెట్టేసరికి ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"మనం లోపల లేమంటే అది ఒప్పుకోదట. లోపల్నుంచి నిచ్చెనెక్కి బయటికి రావడం దాని కంటబడాలట. అంతవరకు సైరను ఆగదు, గేటు తెరవదు, బండి ఫెయిలు."

"బయటికి రావాలంటే ముందు లోపలికెళ్ళాలి కదండీ," అన్నాడు భీమశంకరరావు.

"ఎళ్ళాలి. కెమెరా పైకి లాగీసి దిగుదాం, అది మనల్ని సూడకుండా," అన్నాడు సిరాజ్.

గాలి పరీక్ష చేశారు. నడుములకు తాళ్ళు కట్టుకున్నారు. నూనె పోసే చోటికి బూట్లేంటని గౌసియా అడ్డం నిలబడి ముగ్గురి చేతా అవి విప్పించింది. ముగ్గురూ దిగాక కన్ను మళ్ళీ మూత దగ్గరికి వచ్చింది. విశాఖ ఎండకు ఆ ఇనప కడుపు పొయ్యిమీది కుండలా ఉంది. చెమటకాళ్ళు జారకుండా గోడలకు చేతులానించారు. భీమశంకరరావు కొబ్బరినూనె తల ఆనించి, ఆకలితో కాసేపు అక్కడే కూలబడ్డాడు. తర్వాత ఒక్కొక్కరే బయటికొచ్చారు. అత్తగారు ఒక్కొక్కరినీ రక్షించినట్టు ప్రకటించింది.

కడ్డీ చివరిసారి దిగింది. ఎవరూ తొంగి చూడలేదు. భీమశంకరరావయితే దూరంగా వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

"ట్యాంకు ఖాళీ. పరిశుభ్రం. పాస్."

సైరను ఆగింది. గౌసియా చేతులెత్తి అల్లాకు శుక్రియా చెప్పుకుంది. భీమశంకరరావు క్యాంటీన్ వైపు కదిలాడు. సిరాజ్ మాత్రం మళ్ళీ నిచ్చెనెక్కి లోపలికి చూశాడు. గోడల నిండా చేతిగుర్తులు, నేల నిండా కాలిముద్రలు, ఒకచోట కొబ్బరినూనె తలమచ్చ. తన మొహం ఎక్కడా లేదు.

"నాను నూనె ఎక్కించను," అన్నాడు.

"పాసైపోయింది కదా సిరాజూ," అంది ఆశాజ్యోతి నీరసంగా.

"పొద్దున నా బండి అద్దం. దాన్ని వద్దన్నాది. ఇప్పుడు సంతలో అరుగులాగుంది. దీన్ని బాగుందన్నాది. ఇందులో పోసిన నూనెతో ఎవులో పిల్లలకి పూరీలేత్తారు మేడమ్. కడిగీసి రేపొత్తాను."

"వరసలో నీ చోటు పోద్ది మరి," అంది ఆశాజ్యోతి.

"పోనీండి."

గౌసియా ఏదో అనబోయి, తనూ నిచ్చెన రెండు మెట్లెక్కి లోపలికి తొంగి చూసి, దిగి వచ్చి, "పద, నిమ్మకాయలు కొనాల," అంది.

పాసైన బండిని వెనక్కి పంపాలంటే మిషను కారణం అడిగింది. ఆశాజ్యోతి సిరాజ్ వంక చూసింది. సిరాజ్ ఉన్నమాట చెప్పాడు. ఆమె అదే టైపు కొట్టింది.

కాగితం మీద ఇలా అచ్చయి వచ్చింది: "బండిని నిరాకరించినవారు: డ్రైవరు. కారణం: లోపల తాను కనిపించకపోవుట."