గొల్లకావిడి కింద గులాబీ మచ్చ

ఎదురింటి దంతవైద్యుడు మూడు లెన్సుల ఫోను కొన్న దగ్గర్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. నాది ఒంటికన్ను ఫోను. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేవాడి చేతిలో ఒంటికన్ను ఫోనా! లోకం ఏమనుకుంటుంది?

మా ఆవిడ కారు నడపడం నేర్పుతుంది. ఎదుటి మనిషి ఎటు తిప్పబోతున్నాడో ముఖం చూసి చెప్పేస్తుంది. అలాంటి మనిషిని సూటిగా అడగడం ప్రమాదం. అందుకని ఆకాశం మీదుగా చుట్టుతిరిగి వెళ్ళాను.

"నాకు నక్షత్రాలంటే ప్రాణం," అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"చిన్నప్పట్నుంచి. నిన్ననే తెలిసింది."

"ఊఁ. తర్వాత?"

"ఆకాశంలో నెబ్యులాలని ఉంటాయి. వాయువూ ధూళీ కలిసిన మేఘాలు. వాటిలో కొత్త నక్షత్రాలు పుడతాయి. వాటిని ఫోటో తీయాలంటే ఈ ఫోను చాలదు."

"ధూళి మన మంచం కింద బోలెడుంది. దానికి ఈ ఫోను చాలుగా?"

"నేను నిజంగానే చెప్తున్నా!"

"సరే, ఇవాళ దీంతోనే తీసి చూడండి. రాకపోతే కొత్తది కొందాం."

నా గుండె గంతులేసింది. రాకుండా చేయడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

చీకటి పడగానే మేడ మీదికి వెళ్ళాం. వెనకే మా అత్తగారు, కుర్చీ నాచేత మోయించుకుంటూ. ఆవిడకు ఈమధ్యే రెండు కళ్ళకూ శుక్లాలు తీశారు. ఆనాటి నుంచి దేన్నీ వదలకుండా చూస్తున్నారు. మొన్న నా బట్టతలను కొత్తగా కనిపెట్టి, ఎంతో బాధపడి పరామర్శించారు.

"అదిగో అత్తయ్యా, వరసగా మూడు చుక్కలు..."

"గొల్లకావిడి! చిన్నప్పుడు మా నాన్న చూపించేవాడు." ఆవిడ గొంతు తగ్గింది. "ఇన్నాళ్ళూ ఆకాశంలో చుక్కలే తగ్గిపోయాయనుకున్నా బాబూ."

నెబ్యులా ఉండే చోటికి, ఆ మూడు చుక్కల కిందికి ఫోను ఎత్తి, చేతులు శ్రద్ధగా వణికించాను. ఫోటో నల్లగా వచ్చింది. రెండోది ఇంకా నల్లగా వచ్చింది.

"చూశావా?"

"చూశాను. మొదటిరోజు క్లచ్ వదిలేవాళ్ళ కాలు కూడా అంత ఊగదు." మా ఆవిడ ఫోను లాక్కుని, పిట్టగోడ మీద రెండు ఇటుకల మధ్య బిగించింది. "ఇందులో రాత్రి ఆకాశానికి వేరే మీట ఉందే! నాలుగు నిమిషాలు కదపకూడదట. మీకు తెలీదా?"

తెలుసు. అందుకే వేలు అటు పోనివ్వలేదు.

"తెలిసీ ఏం లాభం? చుట్టూ ఇన్ని దీపాలుంటే ఎలా వస్తుంది?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

పక్క మేడ మీద పిన్నిగారు ఆరిన బట్టలు తీస్తున్నారు. ఆవిణ్ణి మేము చాటుగా సైరన్ అంటాం.

"పిన్నిగారూ, కాసేపు దీపాలాపుతారా? మావారు నక్షత్రాలు పుట్టేచోటు ఫోటో తీస్తున్నారు."

సైరన్ మోగింది. "అందరూ దీపాలార్పండీ! ఆయనగారు నక్షత్రానికి పురుడు పోస్తున్నారటా!"

ఒక్కొక్క కిటికీ ఆరిపోయింది. జనం మేడలెక్కారు. పురుడన్న మాట ఒక్కటే చెవినబడి దంతవైద్యుడు చేతి తొడుగులతో సహా మా మేడ మీదికి పరుగెత్తుకొచ్చాడు.

మా ఆవిడ మీట నొక్కి, పెదాల మీద వేలు పెట్టింది. వీధి మొత్తం నోరు మూసుకుంది. సైరన్ కూడా.

కళ్ళు చీకటికి అలవాటుపడే కొద్దీ పైన చుక్కలు పెరిగాయి. లేవనుకున్నచోట పది, ఆ పదింటి వెనక పిడికెడు. ఇవన్నీ రోజూ మా నెత్తిమీదే ఉంటున్నాయా? నేను ఊపిరి కూడా మెల్లగా వదిలాను, ఫోను కదులుతుందేమోనని. ఎందుకు జాగ్రత్తపడుతున్నానో నాకే తెలియలేదు.

ఫోను టిక్కుమంది. గొల్లకావిడి కింద చిన్న గులాబీ మచ్చ, అప్పుడే రేకు విప్పుతున్న పువ్వులా. వెయ్యేళ్ళకు పైగా దారి నడిచిన వెలుగు, గోరంత అద్దంలో దూరి మా పిట్టగోడ మీద దిగింది.

"వచ్చింది!" అని అరిచాను. "అబ్బబ్బ, ఎంత బాగా వచ్చింది! ఈ ఫోనుకు సాటి లేదు!"

మేడలన్నీ చప్పట్లు కొట్టాయి.

"ఏమన్నారూ?" చీకట్లోంచి మా ఆవిడ గొంతు. "ఇంకోసారి అనండి, డాక్టరుగారికి వినబడలేదు."

నాలుక కరుచుకున్నాను.

అత్తగారు ఫోను అందుకుని, ఫోటోనూ ఆకాశాన్నీ మార్చిమార్చి చూశారు. "నా కంటికి ఉత్త మసకే కనబడుతోంది. అయినా ఉందన్నమాట అక్కడ." ఫోను గుండెకు హత్తుకున్నారు. "బాబూ, మీకెలాగూ కొత్త ఫోను కావాలిగా. ఇది నాకిచ్చి, నాది మీరు తీసుకోండి."

"అత్తయ్యా, నేనన్న కొత్తది..."

"అమ్మ ఫోను మీకు కొత్తే కదా!" అంది మా ఆవిడ.

అత్తగారిది కెమెరాయే లేని మీటల ఫోను. ఇప్పుడు సాయంత్రాలు తల్లీకూతుళ్ళు పిట్టగోడ దగ్గర గుసగుసలాడుకుంటూ ఆకాశాన్ని ఫోటోలు తీస్తుంటారు. నేను చాప మీద వెల్లకిలా పడుకుని ఊరికే పైకి చూస్తుంటాను. వాళ్ళు దిగిపోదామని పిలిచినా, "ఇంకాసేపు," అంటాను.