దవడకు బొట్టు

"మన నియోజకవర్గంల ఇగ ఏ దవడా చీకట్ల ఉండది!" అని ఎమ్మెల్యే నాగేందర్ గారు మా దవాఖాన మెట్ల మీద ప్రకటించినప్పుడు నేను ముందు వరుసలోనే ఉన్నాను. దేవరకొండ రోడ్డు మీద ఇంత గొప్ప మాట అంతకుముందు ఎవరూ అనలేదు. చప్పట్లు కొట్టాను.

వచ్చింది త్రీడీ స్కానింగ్ మిషన్. పళ్ల డాక్టరు గ్లోరీ మేడం నాకు అర్థమయ్యేలా చెప్పింది. "మామూలు ఎక్స్‌రేల ఎముక పొడుగు, ఎత్తే కనబడ్తదవ్వా. దీంట్ల మందం గూడ కనబడ్తది, నరం ఎంత దూరముందో గూడ. అది చూసుకొనే దవడల స్క్రూ బిగించి పన్ను పెడ్తం."

నాకు కింది పళ్లు ఒక్కటీ లేవు. ఇంట్లో మనుషుల్లాగే అవీ చెప్పాపెట్టకుండా పోయాయి. జొన్నరొట్టె నమిలి రెండేళ్లయింది. పేరు రాయించుకున్నాను.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మిషన్ మీదే కొబ్బరికాయ కొట్టబోతే మేడం అడ్డుపడింది. ఎమ్మెల్యే గారిది పెద్ద మనసు. కాయ నేల మీద కొట్టి, మిషన్‌కు స్వహస్తాలతో కుంకుమ బొట్టు పెట్టారు. బొమ్మ పట్టే పలక నడుమ, రూపాయి బిళ్లంత.

"అది తుడవాలె సార్," అంది మేడం.

"సారు పెట్టిన బొట్టు తుడుస్తవా?" అన్నాడు పార్టీ నాయకుడు నరేష్. "ట్రాన్స్‌ఫర్ కావాల్నా మేడం?"

మేడంకు పిల్లల బడి గుర్తొచ్చింది. బొట్టు ఉండిపోయింది.

మొదటి వారం నలభై మందికి స్కాన్ తీశారు. నలభై దవడల్లోనూ ఒకే చోట, రూపాయి బిళ్లంత మచ్చ.

"రంధ్రం!" అన్నాడు నరేష్.

"అది బొట్టు..." అంది మేడం.

"రంధ్రమని రాయి."

సాయంత్రానికల్లా ప్రెస్‌మీట్. గత పాలకులు తాగించిన ఫ్లోరైడ్ నీళ్లే ఎముకను తినేశాయని ఎమ్మెల్యే గారు కన్నీళ్లు పెట్టుకున్నారు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ అంటే నమ్మనివారెవరు? దవడలో రంధ్రమున్న ప్రతి ఒక్కరికీ ఉచితంగా పళ్లు కట్టించే 'దవడభాగ్యం' అక్కడికక్కడే పుట్టింది. పరిశీలనకు హైదరాబాద్ నుంచి కమిటీ వచ్చింది. ఛైర్మన్ ముచ్చటపడి తన దవడ కూడా పెట్టి చూశారు. ఆయనకూ రంధ్రమే. అంటువ్యాధి కావచ్చునని రాసి, మాస్కులు కట్టుకుని వెళ్లిపోయారు.

నా వంతు వచ్చింది. నాకు భయం ఎక్కువ. గడ్డం ఆనించగానే ఎదురుగా ఆ బొట్టు, దాని మీద దుమ్ము. దుమ్ము చూస్తే నా చెయ్యి ఊరుకోదు. కొంగుతో తుడిచేశాను.

బొమ్మ చూసి మేడం మొహం వెలిగింది. "మంచి ఎముక అవ్వా! నరం దూరమే ఉన్నది. నాలుగు స్క్రూలు సుబ్బరంగ పడ్తయ్."

నరేష్ వంగి చూశాడు. "రంధ్రమేది?"

"లేదు."

"అయితే స్కీం లేదు. రంధ్రమున్నోళ్లకే పళ్లు."

"మంచి ఎముకుంటే పళ్లియ్యరా బిడ్డా?" అన్నాను.

"నీకు పళ్లెందుకే అవ్వా? ఫ్లెక్సీ కట్టిస్తం."

కట్టించాడు. 'రంధ్రవిముక్తి పొందిన తొలి మహిళ' అని బస్టాండు ఎదురుగా నా బోసినోటి నవ్వు. పక్కన నాకు మూడింతలు పెద్దగా ఎమ్మెల్యే గారు, ముప్పైరెండు పళ్లతో.

మర్నాడు మేడం నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. "నీ ఎముక కొలతలన్నీ నా దగ్గర భద్రంగ ఉన్నయవ్వా. స్క్రూ యాడ పెట్టాల్నో తెలిసిపోయింది. ఇగ పై ఆఫీసుకు పంపేతందుకు ఒక్క రంధ్రం కావాలె." అని శుభ్రంగా మెరుస్తున్న పలక వైపు దిగులుగా చూసింది.

మా ఇంట్లో కుంకుమ భరిణె మూతపడి తొమ్మిదేళ్లు. పక్కింటి లీలమ్మ తలుపు కొట్టి కాస్త కుంకుమ పెట్టమన్నాను. ఆమె నా నుదుటి వైపు చూసి గాభరా పడింది.

"నీకెందుకవ్వా?"

"నాకు గాదు బిడ్డా, మిషన్‌కు. జర ఎక్కువనే పెట్టు. రూపాయి బిళ్లంత కావాలె."