సగ్డెన్ బండిలో ఉన్నది ఏ ఇంజన్?

"క్లైవ్, ఈ యార్క్‌షైర్‌లో నేరస్థుడన్నవాడు కంటినిండా నిద్రపోయి పదకొండేళ్ళయింది. కారణం? నేను మేలుకొని ఉండటమే."

రోడ్నీ బర్ట్‌విజిల్ ఈ మాట బుధవారం పొద్దున తొమ్మిదింటికి, మా వంటింట్లో, మా బిస్కెట్లు తింటూ అన్నాడు. పదకొండేళ్ళ కిందట అతను మునిసిపల్ ఈతకొలనులో టిక్కెట్లమ్మే ఉద్యోగం నుంచి రిటైరై, మర్నాడే డిటెక్టివ్ అయ్యాడు. ఇప్పటిదాకా మూడు కేసులు తేల్చాడు. మూడింటిలోనూ పోయిన వస్తువు అతనిదే. దొరికింది అతని జేబులోనే.

నేను అతని స్నేహితుణ్ణి. ముప్ఫై ఏళ్ళుగా మా చాపెల్‌లో, అంటే మా చిన్న చర్చిలో, పాటల పుస్తకాలు పంచుతున్నాను. పొరుగువాణ్ణి ప్రేమించమని అక్కడ తరచూ వింటాను. పొరుగింట్లో ఉన్నది రోడ్నీ అయితే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అడగడం మర్యాద కాదేమోనని నేనూ అడగలేదు.

సంగతేమిటంటే, మా పాత బండి పోయిన నెల కన్నుమూసింది. వాకిట్లో కారవాన్, అంటే బండి వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు, ఉంది, దాన్ని లాగే దిక్కు లేదు. ప్రతి ఆగస్టులో ఫైలీ సముద్రపొడ్డున పధ్నాలుగో నంబరు జాగాలో మా కారవాన్ నిలబడటం ముప్ఫై ఒక్కేళ్ళ అలవాటు. కిటికీ తెర తీస్తే ఎదురుగా సముద్రమే. కిందటేడు మోకాలి ఆపరేషన్ వల్ల నా భార్య గ్లెనిస్ వెళ్ళలేకపోయింది. ఆ ఏడాదంతా ఆమె కుర్చీలో కూర్చుని ఎదురింటి గోడ చూసింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. ఈసారి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపు చేరకపోతే పధ్నాలుగో నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తామని అక్కడి మేనేజరు కబురు పెట్టాడు.

కొండమీద గొర్రెల రైతు సగ్డెన్ ఒక ఎస్‌యూవీ అమ్ముతున్నాడని పేపర్లో ప్రకటన పడింది. ఆ మోడల్ రెండు డీజిల్ ఇంజన్లతో వస్తుంది. రెండు లీటర్ల చిన్నదానికి పన్నెండు వందల కిలోలు లాగడానికే అనుమతి. రెండుం పావు లీటర్ల పెద్దదానికి పద్దెనిమిది వందలు. మా కారవాన్ పదిహేను వందలు. పైకి రెండు బండ్లూ కవల పిల్లల్లా ఉంటాయి. పొరపాటున చిన్నది కొన్నామో, ఇంకోటి కొనే శక్తి మాకు లేదు. ప్రకటనలో 'పెద్ద ఇంజన్' అని ఉంది. ముందురోజు రాత్రి దీని గురించి ప్రార్థన చేశాను. ఇంజన్ లీటర్ల సంగతి దేవుడితో చెప్పుకోవచ్చో లేదో తెలియక, పేర్లు చెప్పకుండా చేశాను.

"ఇది మామూలు కొనుగోలు కాదు," అన్నాడు రోడ్నీ, గాలి పీలుస్తూ. "ఇందులో మృత్యువు వాసన వస్తోంది."

"అది రాత్రి వేయించిన చేప," అంది గ్లెనిస్. "కిటికీ తెరువు, క్లైవ్."

పదిన్నరకి ముగ్గురం బయల్దేరాం, రోడ్నీ చిన్న కారులో. అతను పెద్దమనిషిట, నేను డ్రైవర్నిట. మారువేషం లేకపోతే నేరస్థులు నోరు విప్పరట. అబద్ధమాడటం నా వల్ల కాదన్నాను. "నువ్వు నోరు తెరవకు. అప్పుడది అబద్ధం కాదు, నిశ్శబ్దం," అన్నాడు. దారి పొడుగునా ఆలోచించాను, అందులో తప్పెక్కడుందో పట్టుకోలేకపోయాను. తప్పు ఉందని మాత్రం తెలుస్తూనే ఉంది.

అతని ఒక చేతిలో క్లిప్పు బిగించిన అట్ట, ఇంకో చేతిలో గ్లెనిస్ బాత్‌రూమ్‌లో ఒళ్ళు తూచుకునే మిషన్. కారవాన్ ముక్కు బండి కొక్కెం మీద ఎంత బరువు మోపుతుందో చూడటానికి మావాళ్ళంతా ఆ మిషన్‌నీ చీపురుకర్రనీ వాడతారు. కారవాన్ ఇంటి దగ్గరే ఉండగా మిషన్ ఎందుకని అడిగాను. "పరికరం చూస్తే అపరాధికి చెమట పడుతుంది," అన్నాడు.

నిజంగానే పట్టింది. దొడ్డి గేటు దగ్గర సగ్డెన్ మమ్మల్ని చూసి, మిషన్‌ని చూసి, అట్టని చూసి, టోపీ తీశాడు.

"ఏం పని మీద వచ్చారు అయ్యగారూ?"

"పరిశీలన," అన్నాడు రోడ్నీ.

సగ్డెన్ మొహంలో రంగు దిగిపోయింది. "ముందుగా ఉత్తరం వేస్తారు కదండీ మామూలుగా?"

"నేను ఉత్తరాలు వేసి వచ్చే రకం కాదు."

"ఏమేం చూస్తారండీ?"

"అన్నీ. ముందు బండి."

"బండా?"

"బండి చూస్తే మిగతావన్నీ అవే బయటపడతాయి."

సగ్డెన్ దారి చూపించాడు. నావంక ఒకసారి విచిత్రంగా చూశాడు. నేను నిశ్శబ్దంగా ఉన్నాను. గ్లెనిస్ కాలు చాపుకుని కారు వెనకసీట్లోనే అల్లిక పట్టుకు కూర్చుంది.

రోడ్నీ బానెట్ మీద అరచెయ్యి పెట్టి, నా చెవిలో అన్నాడు: "వెచ్చగా ఉంది! చల్లటి ఇంజన్ స్టార్ట్ అవడానికి మొరాయిస్తుందని ముందే వేడిచేసి ఉంచాడు." అతని చేతి పక్కనే పడుకున్న పిల్లి లేచి, ఒళ్ళు విరుచుకుని, కిందికి దూకి వెళ్ళిపోయింది. "సాక్షి పారిపోతోంది," అన్నాడు.

బండి వెనక భాగంలో గోనెసంచుల మీద ఎర్రటి మరకలున్నాయి.

"రక్తం."

"గొర్రెలకు గుర్తు పెట్టే రంగుపొడి అది, రోడ్నీ."

"నువ్వలా అనుకోవాలనే ఆ రంగు ఎంచుకున్నారు."

ఇంతవరకు నాకు భయం లేదు. తర్వాత వెనక తలుపు చూశాను. దాని మీద మెరిసే అంకెలు: 2.0. చిన్న ఇంజన్.

కారులో గ్లెనిస్ నావంకే చూస్తోంది. నేను తల తిప్పుకున్నాను. డ్రైవరు తలుపు తెరిస్తే, ఆ చట్రం మీద బరువుల రేకు ఉంటుంది. ఎంత లాగొచ్చో అందులో రాసి ఉంటుంది. తెరిచి చూస్తే, ఆ చోట పశువుల సంతవాళ్ళు ఏటేటా ఇచ్చిన స్టిక్కర్లు ఒకదాని మీద ఒకటి దళసరిగా అంటించి ఉన్నాయి. పరాయివాడి బండిలో స్టిక్కరు గోకడం ఎలా?

"రోడ్నీ, బండి కాగితాలు అడిగేద్దాం. ఇంజన్ ఏదో వాటిలో ఉంటుంది."

"అడగడమా?" రోడ్నీకి నిజంగా బాధ కలిగింది. "అడిగి తెలుసుకునేవాణ్ణి డిటెక్టివ్ అనరు క్లైవ్, చుట్టం అంటారు. రెండు బండ్లు కోసి ఒకటిగా అతికిన ముఠా ఇది. ముందుసగం ఎవరిదో, వెనకసగం ఎవరిదో. ఆ యజమానులిద్దరూ ఏమయ్యారో!" సగ్డెన్ వైపు తిరిగి గొంతు పెంచాడు. "నేను పైన పొలం పరిశీలించి వస్తాను. మీరిక్కడే ఉండండి."

"పైన పొలమా? అలాగేనండీ! నిదానంగా చూడండయ్యా!" అన్నాడు సగ్డెన్, ప్రాణం లేచొచ్చినట్టు.

రోడ్నీ కొట్టం వెనక్కి వెళ్ళి, చుట్టూ తిరిగి, వంగి వంగి వచ్చి, బండి వెనక భాగంలో దూరి, గోనెసంచులు కప్పుకున్నాడు. నేను కారు దగ్గరికి నడిచాను.

"చిన్న ఇంజనా?" అంది గ్లెనిస్.

"వెనక అలా రాసుంది."

అల్లిక సూదులు ఆగాయి. "పోనీలే. గోడ కూడా అలవాటయింది," అంది. ఆ మాటకి నేను ఏమని ప్రార్థించాలో కూడా తోచలేదు.

అంతలో దొడ్డిలో గోల మొదలైంది. సగ్డెన్, అతని కుక్క కలిసి గోడచాటు నుంచి పాతిక గొర్రెల్ని తరుముకొచ్చి పశువుల ట్రైలర్‌లోకి ఎక్కించారు. నిలబడటానికి చోటు లేనంతగా నిండింది. ట్రైలర్‌ని బండి కొక్కేనికి తగిలించి, రోడ్నీ వెళ్ళాడనుకున్న పొలానికి సరిగ్గా అవతలి దిక్కున, కొండ రోడ్డు మీదికి పోనిచ్చాడు.

ఆ కొండ మీద ఖాళీ కార్లే మూలుగుతాయి. ఈ బండి పాతిక గొర్రెల్నీ, ట్రైలర్‌నీ, ఒక డిటెక్టివ్‌నీ ఈడ్చుకుంటూ, పొగ లేకుండా, ఆయాసం లేకుండా, మెట్లెక్కే కుర్రదానిలా ఎక్కిపోయింది.

గ్లెనిస్ కారు తలుపు తెరుచుకుని బయటికొచ్చింది. ఆపరేషన్ అయ్యాక ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవడం నేను చూడటం అదే మొదటిసారి.

"క్లైవ్, ఆ ఇంజన్ చిన్నది కాదు."

కొండ నెత్తిన బండి ఆగింది. ఒక తుమ్ము, ఆ వెంటనే ఒక కేక కింద మా దాకా వినిపించాయి. పావుగంటకి బండి వెనక్కి వచ్చింది. సగ్డెన్ దిగి, పక్కసీట్లోంచి రోడ్నీని కాలరు పట్టి డ్రైవరు తలుపు వైపుకి లాగాడు. రోడ్నీ మొహమంతా ఎర్రరంగు. సగ్డెన్ మర్యాద మాత్రం కొండమీదే ఉండిపోయింది.

"ఎవడ్రా నువ్వు? సంచుల్లోంచి నెత్తురోడుతూ లేస్తావా? చెవి ట్యాగులు లెక్కపెట్టే సర్కారువాడివి గొర్రెల దగ్గర ఉండక నా సంచుల్లో నీకేం పని?"

"ముఠా రహస్యం నాకు తెలిసిపోయింది!" అంటూ రోడ్నీ డ్రైవరు తలుపు చట్రాన్ని రెండు చేతులా కరుచుకున్నాడు. సగ్డెన్ లాగాడు. రోడ్నీ వదల్లేదు. వదిలింది స్టిక్కర్ల కట్ట. తొమ్మిదేళ్ళ సంతలన్నీ ఒక్కపెట్టున ఊడివచ్చి రోడ్నీ చేతిలోకొచ్చాయి. రోడ్నీ బురదలోకొచ్చాడు.

కింద రేకు తళతళలాడింది. కళ్ళజోడు సవరించుకుని చదివాను. బండి నిండు బరువు 2,500. బండీ, అది లాగేదీ కలిపి 4,300. రెండోదాంట్లోంచి మొదటిది తీసేసి, నమ్మకం చాలక మళ్ళీ తీసేశాను. పద్దెనిమిది వందలు.

"పెద్దదే," అన్నాను.

"పెద్దదే మరి! పేపర్లో వేశాను కదా," అన్నాడు సగ్డెన్.

"వెనక 2.0 అని ఉందేం?"

"పోయినేడు మా ఎద్దు ఆ తలుపుకి ఆనుకుని గోక్కుంది. పాతసామాన్ల కొట్లోంచి వేరే తలుపు తెచ్చి వేయించా. కాగితం వంటింటి సొరుగులో ఉంది. అడగలేదేం?"

రోడ్నీ బురదలోంచి ఆకాశం చూస్తున్నాడు.

"అయితే మీరు గొర్రెల ఇన్‌స్పెక్టర్లు కారా?" అన్నాడు సగ్డెన్ మెల్లగా.

"కాదండీ. కారవాన్ వాళ్ళం," అంది గ్లెనిస్.

అతను నావైపు తిరిగాడు. "నువ్వు క్లైవ్‌వి కదూ? చాపెల్‌లో పంటకోతల పండగనాడు నా చేతికి పాటల పుస్తకం ఇచ్చావు. పేజీ కూడా తీసిచ్చావు. దేవుడి మనిషి సర్కారుకి డ్రైవరుగా ఎప్పుడు చేరాడా అని పొద్దుట్నించీ అదే బెంగ నాకు."

క్షమించమన్నాను. అతను టోపీ చేతిలో తిప్పుతూ, ఆ గొర్రెల చెవులకు చట్టప్రకారం ఉండాల్సిన ట్యాగులు పోస్టులో ఉన్నాయని, సోమవారానికల్లా వేస్తానని చెప్పాడు. నమ్మాను. ఆ దొడ్డిలో ఆ రోజు తప్పులు తూచాల్సివస్తే మిషన్ సిద్ధంగానే ఉంది, కానీ ముందు ఎక్కాల్సింది నేను.

"కేసు నంబరు నాలుగు," అన్నాడు రోడ్నీ లేస్తూ, స్టిక్కర్ల కట్టని జేబులో పెట్టుకుని. "రేకు అక్కడే ఉందని మొదటి నుంచీ నాకు అనుమానం."

సగ్డెన్ దగ్గర కొన్న బండితో, శుక్రవారం పన్నెండుకి పన్నెండు నిమిషాలుండగా పధ్నాలుగో నంబరులో కారవాన్ నిలబెట్టాం. గ్లెనిస్ తెర తీసింది. కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. ఇది గోడ ముందు కూర్చోవడం లాంటిది కాదు.

భోజనం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను. ఈసారి పేర్లు పెట్టే చెప్పాను: ఇంజనుకి, సగ్డెన్‌కి, గోక్కున్న ఎద్దుకి, పశువుల సంత స్టిక్కర్లకి వందనాలు. అక్కడికి ఆపి ఆమెన్ అనబోయాను.

బల్లకింద గ్లెనిస్ నా కాలు తన్నింది. ఆపరేషన్ అయిన కాలితోనే.

"ఆ బురదలో పడ్డవాడి పేరు కూడా చెప్పు," అంది.

చెప్పాను.