ఒక్క అర చెప్పుల స్టాండు

కంప్యూటర్లో తప్పు దొరికితే పొరపాటున కూడా దిద్దకండి! పసుపు కుంకుమ పెట్టి పదిలంగా ఉంచుకోండి. పదిమందికి అన్నం పెట్టే తల్లిని ఎవరైనా ఇంట్లోంచి వెళ్లగొడతారా?

ఈ చిన్న సత్యం తెలియకే విదేశంలో, గంగాలిన్ అనే పేటలో ఉండే బిందుమాధవి చెడింది.

ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే ఓ కంపెనీలో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. జూన్ ఆఖరుకి పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నెట్‌వర్క్‌లో వచ్చే ప్రతి కబురునూ ఆ సిస్టమ్ హ్యాష్ టేబుల్ అనే అరల్లో సర్దుతుంది. చెప్పుల స్టాండు అనుకోండి. అరలు చాలినన్ని ఉంటే ఎవరి జోడు వాళ్లకి చిటికెలో దొరుకుతుంది. ఎన్ని అరలు కావాలో మెషీన్ మెమరీని బట్టి అదే లెక్కగట్టుకుంటుంది.

పనులు నెమ్మదిగా సాగుతున్నాయని మేనేజర్లు ఏకంగా కొండంత మెషీన్ కొన్నారు. దాని మెమరీ అంకె పాత లెక్కలో పట్టక పాలలా పొంగిపోయింది. పొంగగా మిగిలిన అరలెన్ని? ఒక్కటి! అయిదు బెడ్‌రూముల ఇల్లు కట్టి, వ్రతానికి రెండొందల మందిని పిలిచి, గుమ్మంలో ఒక్క అర స్టాండు పెట్టినట్టయింది.

అబ్బ, ఎంత మేలు జరిగిందనీ! రోజూ మధ్యాహ్నం మూడింటికల్లా నెట్‌వర్క్ పడకేసేది. ఆరేళ్లుగా పక్కపక్కన కూర్చున్నవాళ్లు తొలిసారి పేర్లు చెప్పుకున్నారు. ఒకాయన స్వెటర్ అల్లడం నేర్చాడు. టీ గదిలో రెండు పెళ్లి సంబంధాలు కుదిరాయి.

అప్పుడు సీనియర్ శ్రీపతి గారు చొక్కా చేతులు మడిచి సర్వర్ గదిలోకి వెళ్లేవారు. మెషీన్ ఆపి, మళ్లీ ఆన్ చేసేవారు. పేరుకున్న గుట్ట ఖాళీ అయ్యేది. ఆయన బయటికి రాగానే చప్పట్లు!

బిందుమాధవికి ఒళ్లు మండింది. వారం రోజులు కూర్చుని తప్పు పట్టుకుంది. ఒకే ఒక్క లైను మార్చింది. ఆ లైను మీద మార్పుల కమిటీ మూడు నెలలు మీటింగులు పెట్టింది. కమిటీలో శ్రీపతి గారూ ఉన్నారు.

"ఆపి ఆన్ చేస్తే పనిచేస్తోంది కదమ్మా, ఇంకా ప్రాబ్లం ఏంటి?" అన్నారు.

"రోజూ మధ్యాహ్నం ఆపాల్సి రావడమే ప్రాబ్లం అంకుల్!"

ఎట్టకేలకు లైను మారింది. నెట్‌వర్క్ పరుగందుకుంది. జూన్ ఆఖరున, అక్కడి చలికాలపు గజగజలాడే చలిలో, కంపెనీ ఆరుబయట బార్బెక్యూ విందు పెట్టి అవార్డు ఇచ్చింది. ఎవరికి? తొంభై నాలుగు సార్లు విసుగూ విరామం లేకుండా మెషీన్ ఆన్ చేసిన శ్రీపతి గారికి! బిందుమాధవికి మెయిల్ వచ్చింది. నెట్‌వర్క్‌లో ఇప్పుడు సమస్యలేమీ లేవు కనుక కాంట్రాక్టు పొడిగించడం లేదట. కార్లో కూర్చుని బావురుమంది.

జులైలో ఆమెకి శ్రీపతి గారు ఫోన్ చేశారు.

"బాగున్నావామ్మా? ఇక్కడ నాకు పనే లేకుండా పోయింది. 'నువ్వేం చేస్తుంటావ్ మేట్?' అని మేనేజర్ రోజూ అడుగుతున్నాడు. నా కాంట్రాక్టు ఆగస్టు దాకే. ఆ లైను మళ్లీ పాతలాగా ఎలా మార్చాలో కొంచెం చెప్తావా తల్లీ?"

"అయ్యో, ఎంత మాట అంకుల్! రెండు నిమిషాల పని," అంది బిందుమాధవి తియ్యగా. "కమిటీకి పెట్టండి చాలు. మూడు నెలల్లో అయిపోతుంది."